పోప్ రాయకుండా వదిలేసిన పుస్తకం

1195 ప్రాంతంలో లొతారియో అనే ఇటలీ కార్డినల్ మనిషి బతుకులోని దైన్యాన్ని గురించి లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. అందులో మనిషికి ఊపిరి సలపనివ్వడు. అప్పుడే పుట్టిన పసికందులు కొందరు ‘ఆ’ అనీ, కొందరు ‘ఏ’ అనీ ఏడుస్తారనీ, ఆదిమాత ‘ఏవ’ పేరులోని అచ్చులు కూడా ఆ రెండేననీ, ఆమె సంతతికి ఏడుపే మొదటి మాట అనీ అంటాడు. చెట్టు పూలూ పళ్ళూ ఇస్తుంది, నూనెనీ సుగంధాన్నీ స్రవిస్తుంది. మనిషి ఒంటి నుంచి వచ్చేవి పేలు, ఉమ్మి, మలమూత్రాలు అని మరొక చోట లెక్క తీస్తాడు. ఇంత రాసినవాడే ముందుమాటలో ఒక హామీ ఇచ్చాడు, మానవ స్వభావపు ఔన్నత్యాన్ని గురించి కూడా ఒకనాడు రాస్తానని. ఆ రోజు రాలేదు. 1198లో, నలభై ఏళ్ళు నిండకముందే, ఆయన మూడవ ఇన్నసెంట్ పేరుతో పోప్ అయ్యాడు. ఆ తరువాత రాజులతో తగవులూ, క్రూసేడులూ, మహాసభలూ ఆయనకు పుస్తకం రాసుకునేంత తీరిక మిగల్చలేదు.

రెండున్నర శతాబ్దాలు గడిచాక, 1450ల తొలినాళ్ళలో, ఫ్లోరెన్స్ పండితుడు జన్నోజ్జో మానెత్తి ఆ లోటు పూడ్చాడు. నేపుల్స్ రాజు అల్ఫోన్సోకు అంకితమిచ్చిన నాలుగు భాగాల గ్రంథంలో చివరి భాగమంతా ఇన్నసెంట్‌కు జవాబే. మనిషి ఫలాలు పేలూ ఉమ్మీ కావు, అతని బుద్ధి చేసే పనులు అని మానెత్తి అంటాడు. ఈ ఇళ్ళు మనవి, ఈ నగరాలు మనవి, ఈ చిత్రాలూ శిల్పాలూ మనవి అని గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెడుతూ, బ్రునెల్లెస్కీ తన ఊళ్ళోనే ప్రధాన దేవాలయం మీద కట్టిన గుమ్మటాన్ని కూడా అందులో చేరుస్తాడు. నేల నుంచి కొయ్య ఊతం లేకుండా లేచిన ఆ గుమ్మటం 1436లో పూర్తయింది. దాన్ని రోజూ చూస్తూ తిరిగినవాడికి మనిషి దైన్యం గురించిన పుస్తకం చేదుగా ఉండడంలో వింత లేదు.

ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, ఇది మధ్యయుగం, ఇది పునరుజ్జీవనం అని తేల్చేయడం చాలా సులువు. చిన్నప్పటి చరిత్ర పాఠ్యపుస్తకం నాకు నేర్పిందీ అదే: ఎడమ వరుసలో విశ్వాసం, విధేయత, చీకటి, కుడి వరుసలో మనిషి, స్వేచ్ఛ, వెలుగు. పరీక్ష రాయడానికి ఆ పట్టిక బాగా పనికొచ్చింది. మూలరచనల అనువాదాలు చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆ రెండు వరుసలూ నా చేతుల్లో విడిపోయాయి. మానెత్తి వాదనకు పునాది రాయి ఏదని వెతికితే, దేవుడు మనిషిని తన పోలికలో సృష్టించాడన్న బైబిల్ వాక్యమే కనబడుతుంది. ఆయన హీబ్రూ నేర్చుకుని కీర్తనల గ్రంథాన్ని మళ్ళీ అనువదించిన భక్తుడు. ఇటు, మనిషిని అంతగా చిన్నబుచ్చిన ఇన్నసెంటే 1215లో చర్చి పెద్దల నాలుగవ లాటరన్ మహాసభను జరిపి, యుక్తవయసు వచ్చిన ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు ఏడాదికి ఒక్కసారైనా తమ గురువు వద్ద పాపసంకీర్తనం చేయాలని, అంటే చేసిన పాపాలు చెప్పుకోవాలని శాసనం చేయించాడు. గాయానికి ద్రాక్షరసం, నూనె పోసే వైద్యుడిలాగా గురువు పాపి పరిస్థితినీ పాపం జరిగిన సందర్భాన్నీ ఓపికగా విచారించాలని ఆ శాసనంలోనే ఉంది. నువ్వు ఆ పని చేయకుండా ఉండగలిగేవాడివి అన్న నమ్మకం లేకుండా ఎవరినైనా అలా కూర్చోబెట్టి ఎందుకు చేశావని అడగగలరా? మనుషులు తమ మనసులోకి తాము చూసుకోవడం పద్నాలుగవ శతాబ్దపు ఇటలీ కవి పెట్రార్క్‌తో మొదలైందనేవారు ఈ శాసనాన్ని ఒకసారి చదివితే బాగుంటుంది.

కాబట్టి తేడాను విశ్వాసం ఉందా లేదా అన్న చోట వెతకడం దండగ. రెండు కాలాల వారికీ అది ఉంది. స్వేచ్ఛ అన్న మాటకు ఎవరు ఏ అర్థం చెప్పుకున్నారు, విశ్వాసం మనిషిలో ఏ మూల నుంచి పుడుతుందనుకున్నారు అన్న రెండు ప్రశ్నలూ కలిపి అడిగితేనే అసలు మలుపు కనబడుతుంది.

మధ్యయుగపు ఆలోచన అంతటి వెనకా తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీన్ నీడ ఉంది. పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి పొరుగుతోటలో పియర్ పళ్ళు దొంగిలించిన సంగతిని ఆయన తన ఆత్మకథలో పేజీల కొద్దీ తవ్వుకున్నాడు. ఆకలి వేసి కాదు, ఆ పళ్ళలో ఎక్కువ పందుల పాలే అయ్యాయి, తప్పు అని తెలిసినందువల్లే ఆ పనిలో రుచి ఉందని ఆయన బాధ. యౌవనంలో తన ప్రార్థన ఎలా ఉండేదో కూడా దాచుకోలేదు: ‘నాకు బ్రహ్మచర్యం ప్రసాదించు, కానీ ఇప్పుడే వద్దు.’ కావాలనుకోవడమూ, నిజంగా కావాలనుకోలేకపోవడమూ ఒకే మనిషిలో ఒకే క్షణాన ఉంటాయని ఇంత సూటిగా అంతకు ముందు ఎవరూ రాసినట్టు లేదు. మనిషి తన బలంతోనే మంచిని ఎంచుకోగలడన్న సమకాలీన బోధకుడు పెలాజియస్‌తో ఆయన గొడవ ఈ అనుభవం నుంచే వచ్చింది. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ వాదాన్ని తోసిపుచ్చింది. ఇక ఆ తరువాత పడమటి చర్చిలో మనిషి సంకల్పం గాయపడినదే, కృప లేకుండా లేచి నడవలేదన్నది అందరికీ ఉమ్మడి మాట అయింది.

అయితే గాయపడిన సంకల్పం చచ్చిన సంకల్పం కాదు. పదకొండవ శతాబ్దపు చివరలో మఠవాసి, తత్త్వవేత్త ఆన్సెల్మ్ స్వేచ్ఛకు చెప్పిన నిర్వచనం ఇప్పటి చెవులకు వింతగా ఉంటుంది: సంకల్పపు ఋజుత్వాన్ని, ఆ ఋజుత్వం కోసమే నిలబెట్టుకోగల శక్తి స్వేచ్ఛ. పాపం చేయగలగడం అందులో భాగం కాదని ఆయన తెగేసి చెప్పాడు. పాపం చేయలేని దేవుడూ, మంచి దేవదూతలూ మనకంటే ఎక్కువ స్వేచ్ఛ కలవారు గనక. మొదటిసారి చదివినప్పుడు ఇది మాటల గారడీ అనుకున్నాను. తరువాత తట్టింది, శ్రుతి తప్పగలగడాన్ని గాయకుడి స్వేచ్ఛ అని మనం కూడా అనము. ఎన్ని దారులు ఉన్నాయన్నది కాదు, చేరవలసిన చోటికి చేరగలమా అన్నదే ఆ కాలపు ప్రశ్న. చేరవలసిన చోటు ఏదో వారికి అనుమానం లేదు.

ఈ ఆలోచనకు నాకు తెలిసిన అందమైన రూపం ఇటలీ కవి డాంటే రాసిన పర్గటరీ కాండలో (చనిపోయినవారు తమ పాపాలు కడుక్కునే చోటు పర్గటరీ) పదహారవ సర్గలో ఉంది. కోపిష్టులు శిక్ష అనుభవించే చోట కన్ను పొడుచుకున్నా కానరాని పొగ. డాంటే గుడ్డివాడిలా తనకు దారి చూపే ప్రాచీన కవి వర్జిల్ భుజం పట్టుకుని నడుస్తుంటాడు. ఆ పొగలోంచి మార్కో అనే లొంబార్డీ వాసి గొంతు వినబడుతుంది. లోకం ఇంత చెడిపోవడానికి కారణం నక్షత్రాలా, మనుషులా అని డాంటే అడిగితే అతడు ముందు ఒక నిట్టూర్పు విడుస్తాడు. ప్రతిదానికీ ఆకాశం వైపే వేలు చూపిస్తారు మీరు, అదే నిజమైతే మంచికి సంతోషం, చెడుకు దుఃఖం దక్కడంలో న్యాయమేముంది అని మందలించి, మీకంటే గొప్ప శక్తికి మీరు ‘స్వేచ్ఛగా లోబడి’ ఉన్నారని అంటాడు. స్వేచ్ఛగా, లోబడి. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని మనకు అనిపిస్తుంది. డాంటేకు అలా అనిపించలేదు. నక్షత్రాల మాట ఆయన ఊరికే ఎత్తలేదు కూడా. 1277 మార్చి 7న పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియే నిషేధించిన 219 ప్రతిపాదనల్లో, మన సంకల్పం గ్రహతారల శక్తికి లోబడి ఉంటుందన్నది ఒకటి. స్వేచ్ఛను కాపాడటానికి ఒక బిషప్ నిషేధాజ్ఞ జారీ చేశాడన్న విషయం నా పాఠ్యపుస్తకపు పట్టికలో ఏ వరుసలోనూ పట్టదు.

విశ్వాసం సంగతి తేల్చడానికి థామస్ అక్వినాస్ దగ్గర కాసేపు ఆగాలి. మనిషికి స్వేచ్ఛ ఉందనడానికి ఆయన చూపే కారణం చాలా మామూలుది: లేకపోతే సలహాలు, హెచ్చరికలు, ఆజ్ఞలు, నిషేధాలు, బహుమతులు, శిక్షలు అన్నీ వృథా. నమ్మడం కూడా ఆయన లెక్కలో సంకల్పానికి సంబంధించిన పనే. కళ్ళెదుట ఉన్నదాన్ని బుద్ధి ఒప్పుకోక తప్పదు. కనబడని దైవ సత్యాన్ని ఒప్పుకోవాలంటే సంకల్పం బుద్ధిని కదిలించాలి, ఆ సంకల్పాన్ని కృప కదిలించాలి. అందుకే క్రైస్తవాన్ని ఎన్నడూ స్వీకరించనివారిని బలవంతంగా నమ్మించకూడదని ఆయన తీర్పు. అంతకంటే సాహసమైన మాట ఇంకొకటి ఉంది. క్రీస్తును నమ్మడం చెడ్డ పని అని ఒకరి వివేకం పొరపాటుగానైనా తీర్మానిస్తే, ఆ మనిషి నమ్మడమే పాపమవుతుందని, ఎందుకంటే పొరబడిన అంతఃకరణ కూడా మనిషిని కట్టేస్తుందని ఆయన రాశాడు. పదమూడవ శతాబ్దపు డొమినికన్ మఠవాసి కలం నుంచి వచ్చిన వాక్యమిది. చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

అలాగని అక్వినాస్‌ను ఇప్పటి ఉదారవాదిగా నిలబెట్టడం కుదరదు. ఒకసారి స్వీకరించిన విశ్వాసం ఇచ్చిన మాట లాంటిది, దాన్ని నిలబెట్టుకోమని ఒత్తిడి చేయవచ్చని ఆయన నమ్మాడు. దొంగ నాణేలు చేసేవారికే రాజులు మరణశిక్ష వేస్తుంటే, ఆత్మకు ప్రాణమైన విశ్వాసాన్ని కల్తీ చేసేవారికి వేయడంలో తప్పేమిటని ఈ మాటలు రాసిన గ్రంథంలోనే వాదించాడు. ఈ నాణేల తర్కం పునరుజ్జీవనంతో అంతరించలేదన్నది కూడా చెప్పుకోవాలి. 1553 అక్టోబర్ 27న జెనీవాలో, త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ను సజీవంగా తగలబెట్టినవారు మధ్యయుగపు మఠవాసులు కారు, ప్రొటెస్టంట్లు.

ఇటు పునరుజ్జీవనం వైపు వస్తే నాకు పెట్రార్క్ కంటే ఇటలీ పండితుడు లొరెంజో వల్లా ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తాడు. చక్రవర్తి కాన్‌స్టాంటిన్ పోప్‌కు రాసిచ్చాడన్న దానపత్రం బూటకమని 1440లో లాటిన్ భాష ఆధారంగా రుజువు చేసినవాడు ఆయనే. అంతకు కొద్దిగా ముందు స్వేచ్ఛా సంకల్పం గురించి ఒక సంభాషణ రాశాడు. అందులో ప్రాచీన రోమ్ రాజకుమారుడు సెక్స్టస్ టార్క్విన్ అపోలో దేవుణ్ణి తన భవిష్యత్తు అడుగుతాడు. దేశబహిష్కారం, దారిద్ర్యం, చావు అని జవాబు. ఇదేం న్యాయమని సెక్స్టస్ మొత్తుకుంటే, నాకు తెలుసంతే, చేసేది నేను కాదు, తోడేలును క్రూరంగా, కుందేలును పిరికిగా, సింహాన్ని ధైర్యంగా పుట్టించిన దేవతల రాజు జూపిటర్‌కు మొర పెట్టుకో అంటాడు అపోలో. ముందే తెలియడం వేరు, జరిపించడం వేరు అన్నమాట. ఈ మొదటి సగం వల్లాకు తొమ్మిది వందల ఏళ్ళ ముందు రోమన్ తత్త్వవేత్త బొయీథియస్ చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ చెప్పినదానికి దగ్గరగానే ఉంది: నడిచేవాణ్ణి నువ్వు చూడటం వల్ల అతడు నడవక తప్పని స్థితి రాదు, కాలానికి అతీతంగా అన్నిటినీ ఒక్కసారే చూసే దేవుడి చూపూ అంతే. కానీ బొయీథియస్ తర్కంతో చివరిదాకా వెళ్ళాడు. వల్లా సగం దూరంలో ఆగిపోయాడు. జూపిటర్ అలా ఎందుకు పుట్టించాడన్న ప్రశ్న దగ్గర చేతులెత్తేసి, అది దేవదూతలకే తెలియదు, మనం నిలబడేది విశ్వాసం మీద గాని తర్కపు సంభావ్యతల మీద కాదని, తత్త్వశాస్త్రాన్ని మెచ్చి బొయీథియస్ దారి తప్పాడని ముగించాడు. దానపత్రాన్ని ముక్కలు చేసిన విమర్శకుడు, చెరసాలలోని ఆ రోమన్ ఖైదీ కంటే తక్కువగా బుద్ధిని నమ్మాడు. విశ్వాసం బుద్ధి చేతిలోంచి ఇక్కడే జారడం మొదలుపెట్టింది.

ఇటలీ తత్త్వవేత్త పికో దెల్లా మిరాండోలా దగ్గర విశ్వాసం సంకల్పం చేతిలోంచి కూడా జారింది. ఇది వింత మాట అనిపించవచ్చు, ఎందుకంటే పునరుజ్జీవన స్వేచ్ఛకు జెండాగా అందరూ ఎత్తేది ఆయన ప్రసంగాన్నే. ఇరవైమూడేళ్ళ పికో 1486లో 900 ప్రతిపాదనలు అచ్చువేసి, రోమ్‌లో ఎవరైనా వచ్చి తనతో వాదించవచ్చని ఆహ్వానించాడు. ఆ సభను ప్రారంభించడానికి రాసుకున్నదే ఆ ప్రసంగం. అందులో దేవుడు ఆదాముతో అంటాడు: నీకు స్థిరమైన చోటు ఇవ్వలేదు, నీదే అయిన రూపం ఇవ్వలేదు, తక్కిన ప్రాణులన్నిటికీ హద్దులు గీశాను, నీ హద్దులు నువ్వే గీసుకో, నిన్ను నువ్వే మలుచుకునే శిల్పివి, పశువుల స్థాయికి దిగజారినా, దివ్యత్వానికి ఎదిగినా నీ ఇష్టం. మనలోని ఈ ఊసరవెల్లిని చూసి అబ్బురపడనివారెవరు అని పికో వెంటనే అడుగుతాడు. తెలుగులో ఊసరవెల్లి అంటే తిట్టు. ఆయనకు అది మెచ్చుకోలు. ఆన్సెల్మ్ చెప్పిన స్వేచ్ఛకు మూలం ఋజుత్వం. ఇక్కడ మూలం ఖాళీ. చోటు లేకపోవడమే మనిషి గొప్పతనం. డాంటే విశ్వంలో ప్రతి ఆత్మకూ ఒక మెట్టు ఉంది, పికో ఆదాముకు మెట్టు లేదు, నిచ్చెన ఉంది. ఆ నిచ్చెన ఎక్కాక చేరేది మాత్రం పై శ్రేణి దేవదూతలైన సెరాఫులూ కెరూబుల సరసకే అని ప్రసంగం తరువాతి పేజీలు చెబుతాయి. వాటిని ఎత్తి చూపేవారు తక్కువ.

ఆ సభ జరగలేదు. పోప్ ఎనిమిదవ ఇన్నసెంట్ నియమించిన సంఘం 13 ప్రతిపాదనలను తప్పుపట్టింది. వాటిలో ఒకటి నాకు ఈ మొత్తం కథకు కీలకంగా తోస్తుంది. ఒక అభిప్రాయం కలిగి ఉండాలని కోరుకున్నంత మాత్రాన ఆ అభిప్రాయం కలగనట్టే, ఒక సంగతి నిజమని నమ్మాలని కోరుకున్నంత మాత్రాన ఎవరికీ ఆ నమ్మకం కలగదని, అందువల్ల విశ్వాస సూత్రాన్ని తోచినప్పుడు నమ్మడం, తోచినప్పుడు మానడం మనిషి స్వేచ్ఛాధికారంలో లేదని పికో ఆ ప్రతిపాదనలో అన్నాడు. మనిషి కోరుకున్న రూపం ధరించగలడు, కానీ కోరుకుని నమ్మలేడు! అక్వినాస్ విశ్వాసాన్ని ఉంచిన చోటు నుంచి, మనిషికి అవధుల్లేని స్వేచ్ఛ ఇచ్చినవాడే దాన్ని తీసేశాడు. సంఘం ఖండించడంలో ఆశ్చర్యం లేదు. నమ్మడంలో సంకల్పానికి పాత్ర లేకపోతే, నమ్మనివాణ్ణి ఏ నేరానికి శిక్షిస్తారు? పికో ఫ్రాన్సుకు పారిపోయాడు, అక్కడ 1488లో అరెస్టయ్యాడు, విడుదలై ఫ్లోరెన్స్ చేరాడు, కఠిన నియమాల మఠవాసి సవొనరోలా బోధల వైపు మొగ్గాడు, 1494 నవంబర్ 17న ముప్ఫయొక్కేళ్ళకే చనిపోయాడు. ఆయన్ను డొమినికన్ దుస్తుల్లో, సాన్ మార్కో చర్చిలో ఖననం చేశారు.

మిగిలిన ఒక్క అడుగు జర్మన్ మతసంస్కర్త లూథర్ వేశాడు. 1524 సెప్టెంబర్‌లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ ఒక మర్యాదైన పుస్తకం తెచ్చాడు. బైబిల్ నిండా ఇన్ని ఆజ్ఞలున్నాయే, పాటించే శక్తి మనిషికి బొత్తిగా లేకపోతే అవెందుకని అడిగాడు. అంటే పునరుజ్జీవనపు పెద్ద పండితుడు ఆఖరికి అక్వినాస్ వాదాన్నే అరువు తెచ్చుకున్నాడు. ఆ పుస్తకంలో ఒక చిన్న దృశ్యం ఉంది. ఇంకా నడక రాని బిడ్డ పడిపోయాడు. తండ్రి లేవనెత్తి, ఎదురుగా పెట్టిన ఆపిల్ పండును చూపిస్తాడు. బిడ్డ పరుగెత్తబోతాడు, కాళ్ళు నిలవవు, తండ్రి చెయ్యి అందించి నడిపిస్తాడు, చివరికి పండు బిడ్డ చేతిలో పెడతాడు. తండ్రి లేకపోతే లేచేవాడు కాదు, చూసేవాడు కాదు, అందుకునేవాడు కాదు; అయినా ఆ నడకలో బిడ్డది కూడా ఏదో కొంచెం ఉందని ఎరాస్మస్ అంటాడు. అంత కొంచెమే. పికో ప్రసంగం చదివి దీనికి వస్తే, కొండంత స్వేచ్ఛ బిడ్డ అడుగంత అయిపోయిందని అనిపించక మానదు.

లూథర్ ఆ కొంచెం కూడా ఒప్పుకోలేదు. 1525 డిసెంబర్‌లో వచ్చిన ఆయన జవాబులో మనిషి సంకల్పం బరువులు మోసే పశువు: దేవుడు ఎక్కితే దేవుడు చెప్పిన దారిన, సైతాను ఎక్కితే సైతాను చెప్పిన దారిన పోతుంది, ఏ రౌతు కావాలో ఎంచుకునే వీలు దానికి లేదు, రౌతులిద్దరే దానికోసం కొట్లాడుకుంటారు. పోప్ పదవి, పాపపరిహార పత్రాలు లాంటి పై పై విషయాలు వదిలి నేరుగా గొంతు పట్టుకున్నది నువ్వొక్కడివేనని ఎరాస్మస్‌ను ఆయన మెచ్చుకున్నాడు కూడా. తన పక్షాన ఉన్నవారిని లెక్కపెడుతూ అగస్టీన్, ఆంగ్ల సంస్కర్త విక్లిఫ్‌ల పక్కన వల్లా పేరు రాసుకున్నాడు. చేతిలోని పనిముట్లూ మానవతావాదుల నుంచి, అంటే ప్రాచీన భాషలూ గ్రంథాలూ పరిశోధించిన పునరుజ్జీవన పండితుల నుంచి వచ్చినవే; లూథర్ 1522లో జర్మన్‌లోకి తెచ్చిన కొత్త నిబంధనకు ఆధారం ఎరాస్మస్ పరిష్కరించిన గ్రీకు పాఠం. మనిషికి స్వేచ్ఛ లేదన్న మాటను అక్వినాస్ గాని డాంటే గాని ఇంత నిర్మొహమాటంగా ఎన్నడూ అనలేదు. అది పునరుజ్జీవనం విరగబూసిన రోజుల్లో, దాని భాషాశాస్త్రంతోనే ఆయుధాలు పదును పెట్టుకుని వచ్చిన మాట. అందులో నాకు వినబడేది చీకటి కాదు, ఒక రకమైన ఊరట. తన రక్షణ తన చేతుల్లో ఉండటం తనకు వద్దని, ఉంటే ఒక్క రోజు కూడా నిశ్చింతగా ఉండలేనని లూథర్ అదే పుస్తకం చివర రాశాడు. మఠంలో ఏళ్ళ తరబడి గంటల కొద్దీ పాపసంకీర్తనం చేసి అలసిపోయిన మనిషి అతడు. 1215 నాటి శాసనం తాలూకు బరువు ఎంతో అతడికి తెలిసినంతగా బహుశా ఎవరికీ తెలియదు.

1547 జనవరిలో ట్రెంట్ మహాసభ ఎరాస్మస్ వైపున్న మాటనే కతోలిక సిద్ధాంతంగా ప్రకటించింది: ఆదాము పతనంతో మనిషి స్వేచ్ఛా సంకల్పం బలహీనపడిందే గాని ఆరిపోలేదు. ఎరాస్మస్ అది వినడానికి లేడు, 1536లోనే బాసెల్‌లో చనిపోయాడు. 1559లో పోప్ నాలుగవ పాల్ నిషిద్ధ గ్రంథాల పట్టిక వెలువరించాడు. అందులో ఎరాస్మస్ రచనలు మొత్తం నిషేధానికి గురయ్యాయి, నడక రాని బిడ్డా ఆపిల్ పండూ ఉన్న ఆ చిన్న పుస్తకంతో సహా.